మీవాళ్ళేగా!

"వాళ్ళు మీవాళ్ళేగా!"

ఈ మాట మాకు కొత్త కాదు. పాకిస్తాన్ మ్యాచ్ గెలిచిన రోజు విన్నాం. ఎక్కడో బాంబు పేలిన రోజు విన్నాం. దూదేకులోళ్ళం కాబట్టి అవతలి వైపు నుంచి ఇంకో మాట కూడా విన్నాం, "మీరు మావాళ్ళెట్లా అవుతారు?" అని, ఇంట్లో ఉర్దూ మాట్లాడే సాయిబుల నోట. అయితే వొకే రోజు, రెండు వాకిళ్ళలో, వొకరంటే వొకరికి పడని ఇద్దరు మనుషులు ఇదే మాట అంటారని మాత్రం అనుకోలేదు. అది 2009 జూన్. వూరు సిడ్నీ. మా చేతుల్లో పానాలు. ముందు సగం విప్పి పెట్టిన మాజ్దా కారు.

ఆ కారు గురించే చెప్పాలి. కానీ అంతకుముందు బెజవాడ ఆటోనగర్ గురించి చెప్పకపోతే అది అర్థం కాదు.

మా తాత దూది ఏకేవాడు. విల్లు భుజాన వేసుకుని వీధులెంట తిరిగేవాడు. ఆ నారి మీద కొయ్యతో కొడితే వచ్చే టంగ్ టంగ్‌మనే చప్పుడుకి ఆడవాళ్ళు పాత పరుపులు బయటికి తెచ్చేవాళ్ళు. తర్వాత ఫోం పరుపులొచ్చాయి. విల్లు అటకెక్కింది. మా నాయన పన్నెండేళ్ళకే ఆటోనగర్‌లో వొక ఉస్తాద్ దగ్గర పానాలు అందించే పనికి చేరాడు. డీజిల్ పంపులు, నాజిళ్ళు, ఆ తర్వాత టర్బోలు. టాటా లారీల ముందు పెద్దక్షరాలతో 'టర్బో' అని రాసుకుని తిరిగిన రోజుల్లో, ఆ టర్బో చెడితే ఎక్కడెక్కడి డ్రైవర్లూ నాయన పేరు అడుక్కుంటూ వచ్చేవాళ్ళు. లారీ గేటు బయట వుండగానే పొగ చూసి రోగం చెప్పేవాడు. నల్లపొగ అయితే డీజిల్ ఎక్కువ పోతోంది, నీలంగా వస్తే ఆయిల్ తాగుతోంది, తెల్లగా వస్తే నీళ్ళు లోపలికి చేరాయి. మేం అక్షరాల కన్నా ముందు పొగ చదవటం నేర్చుకున్నాం. మా అక్క మాకన్నా బాగా చదివేది. అన్నం క్యారేజీ తెచ్చినప్పుడు షెడ్డు గుమ్మం దగ్గరే నిలబడి చెప్పేది. ఆ గుమ్మం దాటి లోపలికి రావటానికి ఆమెకి మాత్రం ఎప్పుడూ వీలు కాలేదు.

మా ఇంట్లో ఉర్దూ లేదు. నాయనని నాయన అనే పిలిచాం, అమ్మని అమ్మ అనే. నమాజుకి నాలుగు సూరాలు వచ్చు, అవి కూడా తెలుగు అక్షరాల్లో రాసుకుని బట్టీ పట్టినవే. అయినా స్కూల్లో కొత్త టీచరెవరొచ్చినా అదే మాట: "అరే, తెలుగు బానే మాట్లాడుతున్నారే!" మరేం మాట్లాడాలి మేం?

1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూల్చారు. అప్పటికి మాలో పెద్దవాడికి ఎనిమిదేళ్ళు, చిన్నవాడికి ఆరు. మూడు రోజులు నాయన షెడ్డు తియ్యలేదు. నాలుగో రోజు పెయింటర్ని పిలిపించి బోర్డు మార్పించాడు. పైనున్న 786 పోయింది. తాత పేరు పోయింది. ఆ చోట 'భారత్ డీజిల్ వర్క్స్' వచ్చింది. పెయింటర్ మా వీధివాడే, హిందువు. నాయన డబ్బులిస్తే తీసుకోలేదు. బ్రష్షులు కడుక్కుని, టీ కూడా తాగకుండా తల వంచుకుని పోయాడు. ఆ మనిషి ముఖం మాకిప్పటికీ గుర్తుంది.

2003 మార్చి 1న ప్రపంచకప్‌లో ఇండియా పాకిస్తాన్‌ని ఓడించింది. సచిన్ 98 కొట్టాడు. మేం షెడ్డులో చిన్న టీవీ ముందు గొంతులు పోయేదాకా అరిచాం. సచిన్ అంటే మాకు ప్రాణం. మ్యాచ్ అయిపోగానే నాయన లోపలి నుంచి టపాకాయల పెట్టె తెచ్చాడు. వెయ్యి కాయల దండ. ముందురోజే కొనిపెట్టుకున్నాడు! రోడ్డు మధ్యలో పరిచి, అటూ ఇటూ చూసి, నలుగురూ చూస్తున్నారని తేల్చుకున్నాక అంటించాడు. అంతదాకా మాకున్న ఆనందం అక్కడ ఏదోలా అయిపోయింది. మేం అరిచింది నిజం. కానీ ఆ కాయలు పేలుతున్నంతసేపూ అరుపు నిజమా, రుజువా అన్నది మాకే తెలియకుండా పోయింది. పక్క షెడ్డు వాళ్ళు కాల్చలేదు. వాళ్ళకేం అవసరం?

2007లో మేమిద్దరం సిడ్నీ వెళ్ళాం. చదువుకి. ఏం చదువంటే మెకానిక్ చదువు! నవ్వుకోండి. పుట్టిందే పానాల మధ్య, దానికి లక్షలు పోసి సర్టిఫికెట్టా అని ఆటోనగరంతా నవ్వింది. కానీ ఆ రోజుల్లో ఆస్ట్రేలియా ప్రభుత్వం తమకి కొరతగా వున్న పనుల జాబితా వొకటి పెట్టుకుంది. అందులో మెకానిక్ వుంది, వంటవాడున్నాడు, మంగలి వున్నాడు. ఆ కోర్సు చేస్తే అక్కడే వుండిపోవచ్చని ఆశ. మనదేశంలో కులం కింద తొక్కిపెట్టిన పనులన్నీ అక్కడ వీసా తెచ్చే పనులయ్యాయి. బీటెక్‌లు చదివిన అగ్రకులాల పిల్లలు జుట్టు కత్తిరించటం నేర్చుకోటానికి క్యూలు కట్టటం మా కళ్ళతో చూశాం. అది చూసి మాకు కొంచెం సంతోషం వేసింది, దాచటం ఎందుకు? (2010 ఫిబ్రవరిలో ఆ జాబితాని రద్దు చేశారు. ఆ తర్వాత ఆ పిల్లల పాట్లూ మా పాట్లూ వొకటే.)

మేం వెళ్ళిన ఆర్నెల్లకే డాక్టర్ హనీఫ్‌ని పట్టుకున్నారు. బెంగళూరు మనిషి, క్వీన్స్‌లాండ్‌లో పనిచేసేవాడు. 2007 జూలై 2న బ్రిస్బేన్ ఎయిర్‌పోర్టులో అరెస్టు చేశారు. ఇంగ్లండులో వుండగా తన బంధువుకి వొక సిమ్ కార్డు ఇచ్చి వచ్చాడు, అదే నేరం. నెల తిరక్కుండానే కేసు ఎత్తేశారు. కానీ ఆ నెల రోజులు మేం ఎలా గడిపామో మాకే తెలుసు. ఫోన్లో ఎవరి నెంబర్లున్నాయో చూసుకుంటూ, ఇంటికి ఫోన్ చేస్తే 'అల్లా దయ' అన్న మాట కూడా మింగుతూ. పెయింటర్‌తో బోర్డు మార్పించిన నాయన మాకప్పుడు పూర్తిగా అర్థమయ్యాడు.

మా గది హారిస్ పార్కులో. విగ్రామ్ వీధిలో నడుస్తుంటే బెజవాడ వన్‌టౌన్‌లో వున్నట్టే వుండేది, దోసెలు, పచ్చళ్ళు, ఫోన్ కార్డులు. ఆరుగురం తెలుగు పిల్లలం వొక ఇంట్లో. మేం పనికి కుదిరింది గ్రాన్‌విల్ దగ్గర వొక లెబనీస్ షెడ్డులో. దాని యజమానిని అందరూ 'మల్లెం' అనేవాళ్ళు. అరబ్బీలో ఉస్తాద్ అని. మొదటిసారి విన్నప్పుడు మా నాయన ఉస్తాద్ గుర్తొచ్చాడు. ఈ ఉస్తాద్ కూడా ఆ ఉస్తాద్ లాగే సగం జీతమే ఇచ్చేవాడు. అప్పట్లో స్టూడెంట్ వీసా మీద వారానికి ఇరవై గంటలే పని చెయ్యనిచ్చేవాళ్ళు. మేం నలభై చేసేవాళ్ళం. ఇరవైకి చెక్కు, మిగతా ఇరవైకి చేతిలో ఎంత పడితే అంత. మంచివాడే. మంచివాళ్ళు కూడా అలాగే చేస్తారు.

ఆ షెడ్డులో మామూలు రిపేర్లు వుండవు. అన్నీ రోటరీ ఇంజన్లు. పడమటి సిడ్నీలో అదొక మతం. పాత మాజ్దా ఆర్‌ఎక్స్-2లు, ఆర్‌ఎక్స్-3లు, ఆర్‌ఎక్స్-7లు దొరకబుచ్చుకుని, వాటి ఇంజన్లు విప్పి, టర్బోలు తగిలించి, నాలుగింతల బలం పిండుతారు. లెబనీస్ పిల్లలు, గ్రీకులు, దీవుల నుంచి వచ్చినవాళ్ళు, అప్పుడప్పుడు తెల్లవాళ్ళు. ఆ ఇంజన్ నిలకడగా వున్నప్పుడు చేసే చప్పుడు వేరే ఏ ఇంజన్‌కీ వుండదు. బ్రాప్, బ్రాప్, బ్రాప్. తడబడుతున్నట్టు, తన్నుకుంటున్నట్టు. మొదటిరోజు విని మేమిద్దరం వొకరి ముఖం వొకరు చూసుకున్నాం. తాత విల్లు! కొంచెం కోపంగా వున్న తాత విల్లు.

మనం చూసే ఇంజన్లలో పిస్టన్ పైకీ కిందికీ పోతుంది. రోటరీలో పిస్టన్లు లేవు, వాల్వులు లేవు. నడుం దగ్గర నొక్కిన కోడిగుడ్డు ఆకారంలో వొక గది. అందులో ఇరానీ హోటల్ సమోసాలాంటి మూడు మూలల ఇనప ముక్క గుండ్రంగా తిరుగుతుంది. ఆ మూడు మూలలూ ఎప్పుడూ గోడని రాసుకుంటూనే వుండాలి. సమోసా వొకసారి తిరిగేసరికి మధ్యలో ఇరుసు మూడుసార్లు తిరుగుతుంది. మేం పనిచేసిన ఇంజన్ని 13బి అంటారు. అలాంటి సమోసాలు రెండుంటాయి. లెక్కకి 1308 సీసీ. మన మారుతి కార్ల పాటి. అందులోంచి మా మల్లెం ఏడువందల గుర్రాల బలం తీసేవాడు.

దీన్ని కనిపెట్టినవాడు జర్మనీకి చెందిన ఫెలిక్స్ వాంకెల్. నాజీ పార్టీలో చేరినవాడు. మధ్యలో గెంటేశారు, తర్వాత మళ్ళీ హిట్లర్ ప్రభుత్వానికే విమానాల ఇంజన్ల మీద పనిచేశాడు. చూపు సరిగా లేక ఆయనకి డ్రైవింగ్ లైసెన్సే లేదంటారు. 1957లో ఎన్‌ఎస్‌యూ కంపెనీలో మొదటి ఇంజన్ తిరిగింది. దాన్ని మనుషులు వాడేలా చేసింది మాత్రం హిరోషిమా వాళ్ళు. మాజ్దా వూరు హిరోషిమాయే. అక్కడ యమమోతో అనే ఇంజనీరు కింద 47 మంది ఏళ్ళ తరబడి వొక్క సమస్య మీద కూర్చున్నారు. ఆ మూలల్లో వుండే సీళ్ళు గోడని గీకేసి గీతలు పెట్టేవి. వాటికి దెయ్యం గోళ్ళ గీతలని పేరు పెట్టుకున్నారు. చివరికి 1967లో కారు బయటికొచ్చింది. అణుబాంబు పడిన వూళ్ళో, నాజీ మొదలుపెట్టిన ఇంజన్! అది సముద్రం దాటి సిడ్నీలో లెబనాన్ అంతర్యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన వాళ్ళ పిల్లల చేతుల్లో పడటం, దాన్ని విప్పి కడగటానికి ఇద్దరు దూదేకుల పిల్లలు బెజవాడ నుంచి రావటం. ఇంజన్‌కి జాతి అడిగితే ఏం చెప్తుంది?

ఇంజన్ ప్రాణమంతా ఆ సీళ్ళలోనే వుంది. అరచేతిలో పట్టే ఇనప బద్ద. పొడవు 80 మిల్లీమీటర్లు, మందం రెండో మూడో మిల్లీమీటర్లు. రెండు సమోసాలకీ కలిపి ఆరు. టర్బో గాలి ఎక్కువై, ఇంధనం చాలక, మంట వేళ కాని వేళ అంటుకుందా, అందులో వొకటి పుటుక్కుమంటుంది. విరిగిన ముక్క గోడని చీరుకుంటూ పోయి టర్బోని కూడా తినేస్తుంది. పది నెలల జీతం అర సెకనులో. టర్బో గురించి మాకెవరూ చెప్పక్కర్లేదు. ఇంజన్ వొదిలేసిన పొగే దాని చక్రాన్ని తిప్పుతుంది, నిమిషానికి లక్ష చుట్లు దాటి. ఆ చక్రం రెండో వైపు నుంచి గాలిని అదిమి ఇంజన్లోకి తోస్తుంది. రోటరీ పొగ మహా వేడి, వాల్వుల అడ్డం లేకుండా నేరుగా తన్నుకొస్తుంది. అందుకే టర్బోకి దీనంత సరిపడేది ఇంకోటి లేదు. మా పెద్దవాడు మొదటి వారంలోనే వొక టర్బో ఇరుసుని వేళ్ళతో కదిపి, "ఇది వారం ఆగదు" అన్నాడు. మల్లెం నవ్వాడు. నాలుగో రోజు పోయింది. ఆ తర్వాత మాకు చీపురు ఇవ్వటం మానేశాడు.

పందెపు కారు 1979 మోడల్ ఆర్‌ఎక్స్-7. లోపల వొక్క సీటు, చుట్టూ ఇనప గొట్టాల పంజరం, వెనక పారాచూట్. పెట్రోలు పొయ్యరు, మెథనాల్ పోస్తారు. అది లోపల చల్లబరుస్తుంది, సీళ్ళని కాపాడుతుంది, కానీ పెట్రోలుకి రెండింతలు తాగుతుంది. మెథనాల్ అంటే వొక రకం సారాయే. రంజాన్‌లో మేం వుపవాసాలుంటే కారు సారాయి తాగుతోందని షెడ్డులో వొకటే జోకు.

దీన్ని రోడ్డు మీద తిప్పరు. ఈస్టర్న్ క్రీక్‌లో 2004లో కట్టిన డ్రాగ్ స్ట్రిప్ వుంది, అక్కడికి ట్రైలర్ మీద తీసుకుపోతారు. పందెం ఎంతో కాదు, 402 మీటర్లు. పావు మైలు. తిన్నగా పోవటమే, మలుపుల్లేవు. పక్క పక్కన రెండు కార్లు, ముందు దీపాల స్తంభం. దాన్ని క్రిస్మస్ చెట్టు అంటారు. మూడు పసుపు దీపాలు అర సెకను తేడాతో వొకదాని తర్వాత వొకటి, తర్వాత పచ్చ. అంతే. చివర వొక కిటికీ దగ్గర కాగితం ముక్క ఇస్తారు. మొదటి అరవై అడుగులకి ఎంత, మొత్తం ఎంత, చివర్లో వేగం ఎంత. సెకనుని వెయ్యి ముక్కలు చేసి లెక్క. మా కారుది అప్పటికి 9.2 దగ్గర ఆగిపోయింది. మల్లెం కల తొమ్మిది లోపల. నాయనకి ఫోన్లో చెబితే మొదట అడిగింది, "పందెం అంటున్నారు, జూదం కాదు గదా?" కాదు నాయనా, టికెట్టు మనమే కొనుక్కుని మన కారు మనమే పాడుచేసుకుంటాం అన్నాం. "మరి ఎందుకు?" అన్నాడు. దానికి మా దగ్గర జవాబు లేదు.

నడిపింది మా పెద్దవాడు. మల్లెం తమ్ముడు తొంభై కిలోలు, మావాడు యాభై ఏడు. అంతకన్నా గొప్ప కారణం ఏమీ లేదు. నిదానంగా వెళ్ళి, కొంచెం కొంచెం వేగం పెంచి చూపించి, లైసెన్సు తెచ్చుకున్నాడు. నడిపేది వొకడే అయినా ఆ సీట్లో ఇద్దరం కూర్చున్నట్టే వుండేది. ఎందుకంటే చిన్నవాడు పెట్టిన సీళ్ళ మీదే పెద్దవాడి కాలు.

ఇక ఆ జూన్.

ఆ ఏడాది ఆస్ట్రేలియాలో ఇండియన్ విద్యార్థుల మీద వరసగా దాడులు జరిగాయి. మెల్‌బోర్న్‌లో ఎక్కువ. మా హారిస్ పార్కులోనూ రాత్రిపూట స్టేషన్ నుంచి నడిచొచ్చే పిల్లల్ని కొట్టి ఫోన్లు, పర్సులు లాక్కునేవాళ్ళు. మా గదిలో గుంటూరు కుర్రాణ్ణి అలాగే కొట్టారు, రెండు పళ్ళు పోయాయి. ఆస్పత్రికి తీసుకుపోయింది మేమే. చేసింది లెబనీస్ కుర్రాళ్ళని అందరూ అన్నారు. జూన్‌లో వరసగా కొన్ని రాత్రులు ఇండియన్ పిల్లలు వందలమంది రోడ్డు మీదికొచ్చారు. పోలీసులు, కుక్కలు, టీవీ కెమెరాలు. మేమూ వెళ్ళాం. ఎందుకు వెళ్ళం? పళ్ళు పోయింది మా గదివాడికి. 'భారత్ మాతా కీ జై' అని అరిచారు, అదీ అరిచాం. ఆ తర్వాత వొక మూల నుంచి ఇంకో నినాదం లేచింది. ముస్లింల మీద. అప్పుడు మా నోళ్ళు ఆగిపోయాయి.

గదికొచ్చాక కరీంనగర్ కుర్రాడు అన్నాడు. "రేపట్నుంచి ఆ షెడ్డుకి పోకండిరా." ఫీజు ఎవరు కడతారని అడిగాం. పళ్ళు పోయినవాడు గోడవైపు తిరిగి పడుకునే అన్నాడు: "వాళ్ళెందుకు మానేస్తార్రా? వాళ్ళు మీవాళ్ళేగా!"

వాడికి మేం కోడికూర వండి పెట్టేవాళ్ళం. జావ కాచి తాగించాం ఆ వారమంతా. వాడిమీద కోపం తెచ్చుకోటానికి కూడా మాకు వీలు కాలేదు, పెదవి ఇంకా వాచే వుంది.

పొద్దున్నే షెడ్డుకి పోతే మల్లెం ముఖం మాడ్చుకుని వున్నాడు. టీవీలో లెబనీస్ అంటే దొంగలన్నట్టు చూపిస్తున్నారు. 2005 డిసెంబర్‌లో క్రొనుల్లా సముద్రం వొడ్డున వేలమంది తెల్లవాళ్ళు చేరి, లెబనీస్‌లా కనిపించిన ప్రతివాణ్ణీ తరిమి కొట్టిన రోజు అతనింకా మర్చిపోలేదు. రోటరీ చప్పుడు వినిపిస్తే చాలు పోలీసులు ఆపి నోటీసు రాసే వూరు అది. ఇప్పుడు ఇండియన్లు కూడానా అని అతని బాధ. చేతిలో వున్న రెంచి బల్ల మీద పడేసి అన్నాడు. "రాత్రి మమ్మల్ని తిట్టినవాళ్ళు మీవాళ్ళేగా?"

ఇందులో మీకు తెలియని సంగతి వొకటుంది. మా గది కుర్రాళ్ళకీ తెలియదు. మల్లెం ముస్లిం కాదు. మెళ్ళో బంగారు శిలువ వుండేది. మరోనైట్ క్రైస్తవుడు. హారిస్ పార్కులోనే వాళ్ళ పెద్ద చర్చి వుంది, లెబనాన్ మాత చర్చి. మా గదికి నడిచిపోయే దూరం. రోజూ దాని పక్క నుంచి పోయే కుర్రాళ్ళే లెబనీస్ అంటే ముస్లిం అనుకున్నారు. ముస్లిం అంటే మావాళ్ళనుకున్నారు. షెడ్డులో ముస్లిం లెబనీస్ వొక్కడే, ట్రిపోలీ వాడు, వెల్డింగు చేసేవాడు. 1975 నుంచి 1990 దాకా ఆ దేశంలో ఈ రెండు వైపుల వాళ్ళూ వొకళ్ళనొకళ్ళు చంపుకున్నారు. ఇక్కడ వొకే కారు కింద పడుకుని వొకే బోల్టు బిగిస్తున్నారు. అలాగని కౌగిలించుకుని తిరిగేవాళ్ళని కాదు. పాతవి గుర్తొచ్చినప్పుడు రెండ్రోజులు మాట్లాడుకునేవాళ్ళు కాదు. బోల్టు మాత్రం బిగించేవాళ్ళు.

మేం గదిలో ఈ శిలువ సంగతి చెప్పొచ్చు. చెప్పలేదు. చెబితే ఏమవుతుంది? "ఓహో, అయితే మీవాళ్ళు కాదా" అంటారు. ముస్లిం అయితే మాత్రం మావాళ్ళెందుకవుతారు? కొట్టినవాడు ముస్లిమే అయితే ఆ పళ్ళ లెక్క మేం చెప్పాలా? అది అడగాలనిపించింది. అడగలేదు.

వారం తర్వాత మల్లెమే కొంచెం మెత్తబడ్డాడు. పందెపు కారు వెనక అద్దం మీద లెబనాన్ జెండా వుంటుంది, మధ్యలో దేవదారు చెట్టుతో. దాని పక్కన ఖాళీ చూపించి, "మీ జెండా కూడా అంటించండి, నడిపేది మీవాడే గదా" అన్నాడు. క్షమాపణలాంటిదే అనుకోండి.

ఆ జెండా దగ్గర అన్నదమ్ములం ఇద్దరం విడిపోయాం.

చిన్నవాడు ఎగిరి గంతేశాడు. విగ్రామ్ వీధిలో పచారీ కొట్టులో రెండు డాలర్లకి స్టిక్కరు కొనుక్కొచ్చాడు. పెద్దవాడు వొద్దన్నాడు. "ఎందుకొద్దు? మనది కాదా?" "మనదే. అందుకే వొద్దు. ఇప్పుడు అంటిస్తే గది కుర్రాళ్ళు చూసి 'శభాష్' అంటారు. ఆ శభాష్ నాకొద్దు. నాయన టపాకాయలు కొన్నట్టే ఇది కూడా." "అంటించకపోతే? చూశావా, లెబనాన్‌ది పెట్టుకున్నారు, ఇండియాది పెట్టుకోలేదు అంటారు." "అదీ అంటారు." రెండు నెలలు ఇదే గొడవ. మూడు రంగుల కాగితం ముక్క మా సూట్‌కేసులో పడి వుంది. పక్కింటి సిక్కు కుర్రాడు తన స్కూటరుకి రెండు అంటించుకుని హాయిగా తిరిగేవాడు. అతని మీద ఎంత అసూయ పుట్టిందో!

మేం ఆ జెండాని ప్రేమించటం లేదా? ఆ ప్రశ్న మమ్మల్ని అడిగే హక్కు ఎవరికీ లేదని అనటం తేలిక. కానీ రాత్రి పడుకున్నాక మమ్మల్ని మేమే అడుక్కునేవాళ్ళం. ప్రతిసారీ ఇంకొకడికి చూపించటం కోసమే బయటికి తీసి తీసి, వొంటరిగా వున్నప్పుడు అది ఎలా వుంటుందో మర్చిపోయాం.

సెప్టెంబర్‌లో, రంజాన్ చివరి రోజుల్లో వొక బుధవారం, కారు ట్రైలర్ ఎక్కించబోతుంటే పెద్దవాడే అడిగాడు. "స్టిక్కరేదీ?" చిన్నవాడు ఇచ్చాడు. వెనక అద్దం మీద కాదు. డ్రైవర్ ముందు, మీటర్ల కింద, లోపలి వైపు అంటించాడు. పంజరంలో దూరి, బెల్టులు బిగించుకుని, హెల్మెట్ పెట్టుకుని కూర్చున్నవాడికి తప్ప ఇంకెవరికీ కనపడని చోట. మల్లెం అద్దం వంక చూసి, ఖాళీగానే వుందేమని అడిగాడు. లోపల వుందన్నాం. వొంగి చూశాడు. ఏమీ అనలేదు.

ఆ సాయంత్రం ఆరు కావస్తుండగా పొద్దు కుంకింది. ట్రైలర్ పక్కన అట్టపెట్టె పరిచి ఖర్జూరాలు పెట్టింది మల్లెమే. ట్రిపోలీ వాడూ మేమిద్దరం నోరు తెరిచాం. పక్క గుడారంలో సమోవా దీవుల మనిషి ఇదేమిటని అడిగి, తనూ రెండు తీసుకుని, తన కారు కింద దూరాడు. చలి. చలిగాలి చిక్కగా వుంటుంది, ఇంజన్‌కి ఎక్కువ పడుతుంది. మంచిదే, ప్రమాదమూ అదే. చిన్నవాడు లాప్‌టాప్‌లో ఇంధనం లెక్క రెండు శాతం పెంచాడు.

మొదటి పరుగు 9.04.

రెండోసారికి టర్బో గాలి 35 పౌండ్లకి పెంచాం. కారు టైర్లలో పట్టే గాలి అంత, ఇంజన్ లోపల! నీళ్ళ మీద టైర్లు తిప్పి పొగపెట్టి వేడెక్కించాడు. గీత దగ్గరికి అంగుళం అంగుళం జరిగాడు. స్టీరింగ్ మీద బొత్తాం నొక్కి పట్టి, కాలు పూర్తిగా తొక్కాడు. కారు కదలదు, ఇంజన్ తుపాకీ పేలినట్టు పేలుతుంది, టర్బో ఈల పెరుగుతూ పోతుంది. పసుపు. పసుపు. పసుపు. మాకు ఆ క్షణాన జెండా గుర్తులేదు, గది కుర్రాళ్ళు గుర్తులేరు. పెద్దవాడు తర్వాత చెప్పాడు, మీటర్ల కింద ఏదో రంగు కనిపించింది గానీ అదేమిటో ఆలోచించే తీరిక లేదని.

మొదటి అరవై అడుగులు 1.34. మొత్తం 8.94. చివర్లో గంటకి 153 మైళ్ళు, మన లెక్కలో 246 కిలోమీటర్లు. పారాచూట్ విచ్చుకుంది. దాని వెనకాల, లైట్ల వెలుగులో, పొగ కూడా.

మల్లెం కాగితాన్ని ముద్దు పెట్టుకుంటూ ఏడుస్తున్నాడు. ట్రిపోలీ వాడు అతని భుజం మీద చెయ్యి వేశాడు. మేం కారు లాక్కురావటానికి తాడు పట్టుకుని పరిగెత్తాం.

ఫోన్ చేసేసరికి రాత్రి పదకొండు కావస్తోంది. బెజవాడలో అప్పుడే వుపవాసం విడిచే వేళ. నాయన నోట్లో ఇంకా ఖర్జూరం వుంది. తొమ్మిది లోపల వచ్చామని చెప్పాం. 402 మీటర్లని, 246 అని, మనవాడే నడిపాడని. స్టిక్కరు సంగతి కూడా చెప్పాం, ఎక్కడ అంటించామో. కాసేపు ఏమీ మాట్లాడలేదు. లైను తెగిందేమో అనుకున్నాం. వెనక అక్క గొంతు ఏదో అడగటం వినిపించింది.

"పొగొచ్చిందా?" అన్నాడు నాయన.

వచ్చింది.

"ఏ రంగు?"

తెల్లగా, అన్నాం.

"తెల్లగా వస్తే నీళ్ళు చేరాయి. పొద్దున్న దాకా ఆగమాకండి, తుప్పు పట్టిద్ది. ఇప్పుడే విప్పండి" అన్నాడు. షెడ్డుకి పోయి విప్పాం.